మండే ఎండలో 99 కిలోవాట్ల సోలార్ ప్లాంట్ 75 దగ్గరే ఎందుకు ఆగుతుంది, అసలు ప్యానెల్‌లో కరెంటు ఎలా పుడుతుంది

మీరు రాసింది మొత్తం చదివానండి. 550 వాట్ల ప్యానెళ్ళు 180, మొత్తం 99 కిలోవాట్లు, గ్రిడ్‌కి కలిపిన చిన్న ప్లాంట్, మిట్టమధ్యాహ్నం మాడు పగిలే ఎండలో కూడా ఇన్వర్టర్ (ప్యానెళ్ళ డీసీ కరెంటుని గ్రిడ్‌కి పనికొచ్చే ఏసీగా మార్చే పెట్టె) మీద 75 దాటట్లేదు, కానీ వాన వెలిసిన ఒక చల్లటి రోజు మాత్రం కాసేపు 92 చూపించింది, అంటే మనకి నాసిరకం ప్యానెళ్ళు అంటగట్టారేమో అని మీ అనుమానం. దాంతోపాటు అసలు ఈ గాజు పలకలో కరెంటు ఎలా పుడుతుందో మొదట్నుంచి చెప్పమన్నారు. నేను ఇలాంటి చిన్న ప్లాంట్ల మెయింటెనెన్స్‌లోనే చాలా ఏళ్ళుగా ఉన్నా, ఈ ప్రశ్న ప్రతి కొత్త ప్లాంట్ దగ్గరా మొదటి ఎండాకాలంలోనే వస్తుంది. ముందు మీ మనసు కుదుటపడే మాట చెప్తా, మీరిచ్చిన అంకెలు చూస్తే ప్యానెళ్ళని అనుమానించాల్సిన పని కనపడట్లేదు, 75 రావడానికీ 92 రావడానికీ కారణం ఒకటే. అదేంటో చెప్పాలంటే కరెంటు ఎలా పుడుతుందో తెలియాలి కాబట్టి రెండు ప్రశ్నలకీ కలిపే చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మన మాటల్లో ఎండ అంటే వెలుతురూ అదే, వేడీ అదే. ఎండ కాస్తోంది అన్నా ఎండ మండుతోంది అన్నా రెండూ కలిపే అంటాం, అందుకే ఎండ ఎంత మండితే సోలార్‌లో అంత కరెంటు వస్తుంది అనే లెక్క చాలామందికి మనసులో పడిపోయింది. ప్యానెల్‌కి మాత్రం ఆ రెండూ వేరు. వెలుతురు దానికి తిండి, వేడి దానికి జ్వరం. (అద్దాలతో ఎండని ఒకచోటికి మళ్ళించి, ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పే ప్లాంట్లు కూడా ఉన్నాయి, వాటికి వేడే కావాలి, కానీ అవి పూర్తిగా వేరే జాతి. మనం ఇక్కడ మాట్లాడుకునేది ప్యానెళ్ళ గురించే.)

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ప్యానెల్‌లో నీలంగానో నల్లగానో కనిపించే ఆ పలుచటి బిళ్ళలు సిలికాన్, ఇసుకలోనూ పలుగురాయిలోనూ ఉండే మూలకమే, బాగా శుద్ధి చేసి పెద్ద స్ఫటికంగా పెంచి సన్నటి వైరుతో కోస్తారు, ఒక్కో బిళ్ళ మందం రెండు వెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత, అంతే. సిలికాన్ పరమాణువుకి బయటి కక్ష్యలో నాలుగు ఎలక్ట్రాన్లు, పక్కనున్న నాలుగు పరమాణువులతో చేతులు కలిపి గట్టిగా ఉంటాయి, కదలవు. వెలుతురేమో ధారలాగా కాకుండా చిన్న చిన్న పొట్లాలుగా వచ్చి పడుతుంది, వాటినే ఫోటాన్లు అంటాం. ఒక్కో పొట్లంలో ఇంత శక్తి అని ఉంటుంది, నీలం రంగు దాంట్లో ఎక్కువ, ఎరుపులో తక్కువ, కంటికి కనపడని పరారుణంలో ఇంకా తక్కువ. సిలికాన్‌లో ఎలక్ట్రాన్ చెయ్యి విడిపించుకుని బయటపడాలంటే 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల (ఇంత చిన్న శక్తిని కొలిచే యూనిట్) శక్తి కావాలి. అంతకంటే తక్కువ ఉన్న పొట్లాలు ఎన్ని లక్షల కోట్లు పడినా ఒక్క ఎలక్ట్రాన్ కూడా కదలదు, అవి కరెంటుకి పనికిరావు, లెక్కలో చూస్తే సుమారు 1100 నానోమీటర్లు దాటిన కిరణాలన్నీ అలాంటివే. ఎక్కువ శక్తి ఉన్న పొట్లం వస్తే ఒక ఎలక్ట్రాన్ లేస్తుంది, మిగిలిన శక్తి మాత్రం వేడిగా మారిపోతుంది, చిల్లర తిరిగి రాదు.

ఇలా లేచిన ఎలక్ట్రాన్‌ని ఊరికే వదిలేస్తే కాసేపు అటూ ఇటూ తిరిగి తను ఖాళీ చేసిన చోటులోనో ఇంకో ఖాళీలోనో మళ్ళీ పడిపోతుంది, కరెంటు ఏమీ రాదు. అందుకే బిళ్ళని తయారుచేసేటప్పుడే ఒక వైపు సిలికాన్‌లో కొంచెం ఫాస్ఫరస్ కలుపుతారు, దానికి బయట ఐదు ఎలక్ట్రాన్లు కాబట్టి ఒకటి ఎక్కువవుతుంది, రెండో వైపు బోరాన్ లాంటిది కలుపుతారు, దానికి మూడే కాబట్టి ఒకటి తక్కువవుతుంది, ఆ ఖాళీనే హోల్ అంటారు. ఈ రెండు పొరలూ కలిసే చోట, అంటే జంక్షన్ దగ్గర, దానంతట అదే ఒక విద్యుత్ క్షేత్రం ఏర్పడి నిలిచిపోతుంది. అది ఒకవైపుకే తెరుచుకునే తలుపులాగా పనిచేస్తుంది, వెలుతురుకి లేచిన ఎలక్ట్రాన్‌ని ఒక పక్కకి, ఖాళీని రెండో పక్కకి తోసేస్తుంది, మళ్ళీ వెనక్కి రానివ్వదు. ఒక పక్క ఎలక్ట్రాన్లు పోగుపడి రెండో పక్క ఖాళీలు పోగుపడితే మధ్యలో వోల్టేజ్ వచ్చినట్టే, బయటనుంచి ఒక వైరు కలిపి దారి చూపిస్తే ఎలక్ట్రాన్లు ఆ వైరులోంచి ఇన్వర్టర్ దాకా పోయి, వాటి పని చేసి, వెనకవైపునుంచి వచ్చి ఖాళీల్లో కూర్చుంటాయి. లోపల తిరిగేది ఏమీ లేదు, అరిగేది లేదు, మండేది లేదు, చప్పుడు లేదు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

వెలుతురు పడితే కరెంటు పుడుతుందని మొదట గమనించింది ఎడ్మండ్ బెకరెల్, 1839లో, అప్పుడాయనకి 19 ఏళ్ళు. పనికొచ్చే సిలికాన్ సెల్ (పైన చెప్పిన బిళ్ళే) రావడానికి మాత్రం 1954 దాకా ఆగాల్సి వచ్చింది, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు చేశారు, పడిన వెలుతురులో 6 శాతం దాకా కరెంటుగా మార్చింది. ఇప్పుడు మీ ప్యానెల్ చూడండి, వైశాల్యం దాదాపు 2.58 చదరపు మీటర్లు, బాగా కాసే ఎండలో చదరపు మీటరుకి 1000 వాట్లు పడతాయి అనుకుంటే మొత్తం 2580 వాట్లు పడుతున్నాయి, అందులో 550 బయటికొస్తే 21 శాతం పైచిలుకు. మిగతా 79 శాతం ఏమైందంటే, కొంచెం గాజు మీదనుంచి వెనక్కి పోతుంది, దాదాపు ఐదో వంతు ఎలక్ట్రాన్‌ని లేపలేని బలహీనమైన పొట్లాల రూపంలో పోతుంది, ఇంచుమించు మూడో వంతు పైన చెప్పిన చిల్లర వేడి, ఇంకొంత లేచిన ఎలక్ట్రాన్లు దారిలోనే పడిపోవడం వల్ల. ఒక్క జంక్షన్ ఉన్న సెల్ ఎంత గొప్పగా చేసినా సుమారు 33 శాతం దాటదని షాక్లీ, క్వైసర్ 1961లోనే లెక్క కట్టి చూపించారు, కాబట్టి ఎవరైనా మా మామూలు సిలికాన్ ప్యానెల్ 40 శాతం ఇస్తుంది అని చెప్తే నమ్మకండి.

సరే, మీ అసలు ప్రశ్నకి వద్దాం, వేడి ఎందుకు జ్వరం అన్నానో. సిలికాన్ వేడెక్కితే వెలుతురుతో సంబంధం లేకుండా వేడికే కొన్ని ఎలక్ట్రాన్లు లేస్తుంటాయి, అది లాభం అనిపిస్తుంది కానీ కాదు, ఎందుకంటే దానివల్ల ఆ ఒకవైపు తలుపు సడలిపోతుంది, ఎలక్ట్రాన్లు వెనక్కి కారి ఖాళీల్లో పడిపోవడం పెరుగుతుంది, జంక్షన్ నిలబెట్టగలిగే వోల్టేజ్ తగ్గుతుంది. ఆంప్స్ ఒక పిసరు పెరుగుతాయి కానీ వోల్టేజ్ పడిపోయేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. మీ ప్యానెల్ డేటాషీట్‌లో టెంపరేచర్ కోఎఫిషియెంట్ అని, అంటే ఒక్కో డిగ్రీ వేడికి పవర్ ఎంత తగ్గుతుందో చెప్పే ఒక లైను ఉంటుంది చూడండి, ఈ రకం వాటికి మాములుగా డిగ్రీకి మైనస్ 0.35 శాతం దగ్గర ఉంటుంది, కొన్ని కొత్త రకాలకి 0.30, ఇంకొన్నిటికి 0.25 దాకా తగ్గింది. ఎక్కడనుంచి లెక్కపెట్టాలంటే 25 డిగ్రీల నుంచి. అది గాలి వేడి కాదు, సెల్ వేడి. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. గాలి 38 డిగ్రీలు ఉంటే ఎండలో ఉన్న ప్యానెల్ లోపల సెల్ 65 డిగ్రీలు ఈజీగా ఉంటుంది, గాలి ఆడకపోతే ఇంకా పైనే. 65లో 25 తీసేస్తే 40, 40 ఇంటూ 0.35 అంటే 14 శాతం అక్కడే పోయింది.

ప్యానెల్ వెనక 550 అని రాసింది కూడా ల్యాబ్‌లో ఒక ప్రమాణం ప్రకారం కొలిచింది, చదరపు మీటరుకి 1000 వాట్ల వెలుతురు, సెల్ వేడి 25 డిగ్రీలు, ఈ రెండూ ఒకేసారి ఉన్నప్పటి అంకె. ఆలోచించండి, బయట అంత వెలుతురు పడుతూ సెల్ 25 దగ్గరే ఉండాలంటే చలీ గాలీ రెండూ బాగా ఉండాలి, అలాంటి గంటలు ఏడాదిలో చాలా తక్కువ. కాబట్టి 550 అనేది మోసం కాదు, ప్యానెళ్ళని ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి పెట్టుకున్న కొలబద్ద.

ఇప్పుడు మీ 99 ఎలా 75 అయిందో వరసగా లెక్క వేద్దాం. ప్యానెల్ మీద పడే వెలుతురు 1000 బదులు 950 ఉంది అనుకోండి, ఎండాకాలం గాల్లో దుమ్మూ తేమా ఉంటాయి కదా, 99 కాస్తా 94 అయింది. సెల్ 65 డిగ్రీలు, 14 శాతం పోతే 81. గాజు మీద దుమ్ము 3 శాతం తీసుకుంటే 78న్నర. వైర్లలో నష్టం, ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ ఉండే చిన్న తేడాలు కలిపి ఇంకో 3 శాతం, 76. ఇన్వర్టర్ డీసీని ఏసీ చేసేటప్పుడు 2 శాతం దాకా తీసుకుంటుంది, ఇంక మిగిలింది 75కి ఒక పిసరు తక్కువ. మీకు కనపడుతున్నది అదే. ఇక ఆ వాన వెలిసిన రోజు చూడండి, గాజు కడిగినట్టు ఉంది, గాలి చల్లగా ఉంది కాబట్టి సెల్ 40 దగ్గరే ఉండి ఉంటుంది, పైగా తెల్లమబ్బు అంచుల పక్కనుంచి సూర్యుడు బయటికొచ్చినప్పుడు నేరుగా వచ్చే వెలుతురుకి మబ్బు మీదనుంచి వచ్చేది కూడా తోడై కొన్ని నిమిషాల పాటు 1000 దాటిపోతుంది కూడా. 92 వచ్చిందంటే మీ ప్యానెళ్ళు ఆ మాత్రం ఇవ్వగలవని అవే చూపించినట్టు. నాసిరకం అయితే ఆ రోజు కూడా వచ్చేది కాదు.

ఇక ప్యానెళ్ళనుంచి గ్రిడ్ దాకా దారి. ఒక్క సెల్ ఇచ్చే వోల్టేజ్ 0.7 లోపే, దాంతో ఏ పనీ కాదు, అందుకే వరసగా కలుపుతారు. మీ ప్యానెల్‌లో సగానికి కోసిన సెల్స్ 144 ఉంటాయి, పై సగంలో 72 వరసగా, కింది సగంలో 72 వరసగా, ఆ రెండు సగాలూ ఒకదానికొకటి సమాంతరంగా (ప్యారలల్‌గా) కలిపి ఉంటాయి, అందుకే లోడ్ లేనప్పుడు 49 వోల్టులు చిల్లర, పనిలో ఉన్నప్పుడు 41 చిల్లర, 13 ఆంప్స్. ఇలాంటివి 18 వరసగా కలిపితే ఒక స్ట్రింగ్, అలాంటి స్ట్రింగ్‌లు మీకు 10. పద్దెనిమిదే ఎందుకు, ఇరవై పెట్టొచ్చు కదా, అంటే ఇక్కడ కూడా వేడీ చలీ సంగతే. వేడికి వోల్టేజ్ తగ్గినట్టే చలికి పెరుగుతుంది, సెల్ సున్నా డిగ్రీలకి పడిపోయిన తెల్లవారుజామున 49న్నర కాస్తా దాదాపు 53 అవుతుంది, 1000 వోల్టుల సిస్టమ్ అయితే అలాంటివి 18 పెడితే 950, 19 పెడితే 1000 దాటిపోయింది, ఇన్వర్టర్ లోపలి పార్ట్స్ కాలిపోతాయి. అంటే స్ట్రింగ్ పొడుగు నిర్ణయించేది సంవత్సరంలో అన్నిటికంటే చల్లటి ఉదయం, పవర్ తగ్గించేది అన్నిటికంటే వేడి మధ్యాహ్నం. డిజైన్ చేసేవాళ్ళు ఈ రెండూ చూడాలి.

ఇన్వర్టర్ చేసే పనులు మూడు. ఒకటి, స్ట్రింగ్‌ని ఏ వోల్టేజ్ దగ్గర నడిపితే వోల్టులు ఇంటూ ఆంప్స్ లెక్క ఎక్కువ వస్తుందో క్షణక్షణం వెతుక్కుంటూ ఉండటం, దీన్నే ఎంపీపీటీ అంటారు. వోల్టేజ్ మరీ తక్కువ పెడితే ఆంప్స్ వస్తాయి కానీ పవర్ ఉండదు, మరీ పైకి పోనిస్తే ఆంప్స్ పడిపోతాయి, మధ్యలో ఒక శిఖరం ఉంటుంది, మబ్బు వచ్చినా వేడి మారినా ఆ శిఖరం జరుగుతూ ఉంటుంది, దాన్ని వెంటాడటమే దాని పని. రెండు, వచ్చిన డీసీని సెకనుకి వేలసార్లు స్విచ్ చేసి, ఆ ముక్కలని నున్నగా చేసి 50 లేదా 60 హెర్ట్జ్ ఏసీగా మార్చి గ్రిడ్‌తో లయ తప్పకుండా కలపడం. మూడు, గ్రిడ్ పోయిన వెంటనే తనూ ఆగిపోవడం. ఇది చాలామందికి కోపం తెప్పిస్తుంది, ఎండ కాస్తోంది, ప్యానెళ్ళున్నాయి, మరి కరెంటు పోతే ప్లాంట్ ఎందుకు ఆగింది అని. లైన్ మీద పనిచేస్తున్న మనిషి సప్లై లేదనుకుని వైరు పట్టుకుంటే మన ప్లాంట్ వెనకనుంచి కరెంటు తోస్తూ ఉంటే ఏమవుతుంది చెప్పండి, అందుకే రెండు సెకన్ల లోపు ఆగిపోయేలా ప్రమాణాలు పెట్టారు. దయచేసి ఎవరు చెప్పినా ఆ సెట్టింగ్ జోలికి పోవద్దు. ఇక పెద్ద ప్లాంట్ అయితే ఇన్వర్టర్ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజ్ పెంచి పంపుతారు, మీ సైజుకి మాములుగా నేరుగా లో టెన్షన్ లైన్‌కే కలుపుతారు.

నీడ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చిన్న ప్లాంట్లలో నేను చూసిన నష్టాల్లో సగం దీనివల్లే, అదీ ఎవరూ గమనించకుండా. సెల్స్ అన్నీ వరసలో ఉన్నాయి కదా, వరసలో ఉన్నవాటన్నిటిలోనూ ఒకే ఆంప్స్ పోవాలి, ఒక్క సెల్ మీద ఆకు పడి దానికి వెలుతురు తగ్గితే అది మిగతావాటి కరెంటుకి అడ్డంగా నిలబడుతుంది, మిగతావి తోసే పవరంతా దాంట్లో వేడిగా మారి అది కాలిపోతుంది. అదే హాట్‌స్పాట్. అలా కాకుండా ప్రతి ప్యానెల్‌లో మూడు బైపాస్ డయోడ్లు పెడతారు, ఇబ్బంది వచ్చిన మూడో వంతుని పక్కనపెట్టి కరెంటుకి పక్కదారి ఇస్తాయి. అంటే అరచేయంత నీడకి ప్యానెల్‌లో మూడో వంతు పోయినట్టే. ఒకసారి నేను చూసుకున్న ప్లాంట్‌లో ఒక స్ట్రింగ్ మిగతావాటికంటే పొద్దున పూట తక్కువ ఇస్తోంది, అక్కడి ఆపరేటర్ ఇన్వర్టర్‌దే తప్పనుకుని రెండు నెలలుగా రోజూ ఆపి ఆన్ చేస్తున్నాడు పాపం. నేను వెళ్ళి వరస చివరిదాకా నడిచి చూస్తే ప్యానెళ్ళ కిందనుంచి ఒక తీగ పాకి కింది అంచు మీదకి ఎక్కి ఉంది, మూడు ప్యానెళ్ళ కింది వరస సెల్స్‌ని కప్పేసింది. తీగ పీకేసరికి మూడిట్లో రెండు ప్యానెళ్ళు మామూలైపోయాయి, మూడోదాంట్లో మాత్రం ఒక సెల్ అప్పటికే గోధుమరంగుకి మాడిపోయి ఉంది, వెనక షీట్ ఉబ్బింది, దాన్ని మార్చాల్సి వచ్చింది. ఐదు నిమిషాల్లో పీకేసే తీగ ఒక ప్యానెల్‌ని తినేసింది, నాకు చాలా బాధనిపించింది. అందుకే చెప్తున్నా, వారానికి ఒకసారి అన్ని వరసలూ నడవండి, స్క్రీన్ ముందు కూర్చుంటే తీగ కనపడదు.

వరసకీ వరసకీ మధ్య ఖాళీ కూడా ఇందుకే. పగలు బాగా తక్కువగా ఉండే రోజుల్లో సూర్యుడు కిందుగా నడుస్తాడు, అప్పుడు ముందు వరస నీడ వెనక వరస కింది అంచు మీద పడకూడదు అని లెక్కేసి ఖాళీ వదులుతారు. స్థలం కలిసొస్తుందని వరసలు దగ్గరికి జరిపితే ఆ కాలమంతా పొద్దునా సాయంత్రం నష్టమే. ప్యానెళ్ళ ముఖం భూమధ్యరేఖ వైపు, వాలు సుమారుగా ఆ చోటి అక్షాంశం అంత, ఇది మోటు లెక్క, రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ అయినా పెద్ద తేడా రాదు. సూర్యుడితో పాటు తిరిగే ట్రాకర్ పెడితే ఎక్కువ యూనిట్లు వస్తాయి నిజమే, కానీ మోటార్లూ బేరింగులూ చూసుకునే మనిషి కావాలి, మీ సైజు ప్లాంట్‌కి నేనైతే వద్దనే అంటా.

కడగడం గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. దుమ్ము సన్నగా అంతటా ఉంటే నష్టం కొద్దికొద్దిగా ఉంటుంది, పక్షి రెట్ట మాత్రం ఒకేచోట గట్టిపడి నీడలాగే పనిచేస్తుంది, అదే ముందు చూసుకోవాలి. పొద్దున్నే గానీ సాయంత్రం ప్యానెళ్ళు చల్లబడ్డాక గానీ కడగండి, మధ్యాహ్నం కాలిపోతున్న గాజు మీద చన్నీళ్ళు కొడితే పగిలే ప్రమాదం ఉంది. ఉప్పునీళ్ళు వాడితే ఆరాక తెల్లటి పొర కట్టి దుమ్ముకంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ప్రెషర్ పంపు వద్దు, సర్ఫు వద్దు, మెత్తటి బ్రష్ చాలు. ప్యానెళ్ళ మీద కాలు మాత్రం అస్సలు పెట్టొద్దు, పైకి ఏమీ కనపడదు, గాజు పగలదు, లోపల బిళ్ళలో మాత్రం సన్నటి చీలికలు వచ్చేస్తాయి, ఏడాది తర్వాత ప్యానెల్ ఎందుకు పడిపోయిందో ఎవరికీ అర్థం కాదు.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. ప్యానెల్‌ని ఆఫ్ చేసే స్విచ్ ఉండదు. వెలుతురు ఉన్నంతసేపూ అది లైవ్‌లోనే ఉంటుంది, పొద్దున్నే కొంచెం వెలుగు రాగానే ఆంప్స్ లేకపోయినా వోల్టేజ్ దాదాపు పూర్తిగా వచ్చేస్తుంది, మీ ఒక్క స్ట్రింగ్‌లో 700, 800 వోల్టుల డీసీ ఉంటుంది. ఏసీ అయితే సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ దానంతట అదే ఆరుతుంది, డీసీకి సున్నా అనేదే లేదు, లోడ్ మీద ఉండగా కనెక్టర్ పీకితే ఆర్క్ అలాగే నిలబడి చెయ్యి కాల్చేస్తుంది, పక్కనున్నదాన్ని అంటిస్తుంది. ముందు ఇన్వర్టర్ ఆపాలి, డీసీ ఐసొలేటర్ (స్ట్రింగ్‌ని ఇన్వర్టర్ నుంచి విడదీసే స్విచ్) ఆఫ్ చేయాలి, క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి ఆంప్స్ కొలిచేది) పెట్టి ఆంప్స్ సున్నా అని చూసుకోవాలి, ఆ తర్వాతే కనెక్టర్ ముట్టుకోవాలి. ఒక కంపెనీ కనెక్టర్‌కి ఇంకో కంపెనీది కలపొద్దు, పైకి సరిగ్గా సరిపోయినట్టే ఉంటుంది, లోపల సరిగా ఆనక వేడెక్కి కరిగిపోతుంది. కేబుళ్ళు నేల మీద పడెయ్యకుండా స్ట్రక్చర్‌కి కట్టి ఉంచండి, వాన పడ్డ పొద్దున ఇన్వర్టర్ ఇన్సులేషన్ ఫాల్ట్ (కరెంటు ఎక్కడో నేలకి కారుతోందనే హెచ్చరిక) చూపించి స్టార్ట్ కాకపోతే నూటికి తొంభై సార్లు నీళ్ళలో పడి ఉన్న కనెక్టరో, స్ట్రక్చర్ అంచుకి రాసుకుని తొక్క పోయిన కేబులో దొరుకుతుంది.

రోజుకి ఎన్ని యూనిట్లు రావాలి అన్నారు. మధ్యాహ్నం ఎంత చూపించిందన్నది వదిలేసి ఇది చూడటమే మంచిది. మీ ప్యానెళ్ళ మీద ఆ రోజు పడిన వెలుతురు మొత్తం చదరపు మీటరుకి 5 యూనిట్లు అనుకుంటే, 99 ఇంటూ 5 అంటే 495, అన్ని నష్టాలూ పోగా అందులో 75 నుంచి 85 శాతం వస్తే ప్లాంట్ ఆరోగ్యంగా ఉన్నట్టు, దీన్ని పెర్ఫార్మెన్స్ రేషియో అంటారు, 80 దగ్గర తీసుకుంటే 396 యూనిట్లు. మబ్బు రోజున నాలుగో వంతు కూడా రాకపోవచ్చు, దానికి కంగారు పడొద్దు. ఏడాది మీద ఏడాది కూడా కొంచెం తగ్గుతూ పోతుంది, మొదటి ఏడాది 2 శాతం దాకా, ఆ తర్వాత ఏడాదికి అర శాతం చొప్పున, వారంటీల్లో మాములుగా 25 ఏళ్ళకి 80 నుంచి 85 శాతం మిగులుతుందని రాస్తారు. ఇన్వర్టర్ అన్నేళ్ళు రాదు, 10, 15 ఏళ్ళకి ఒకసారి మార్చాల్సి వస్తుందని ఇప్పుడే లెక్కలో పెట్టుకోండి.

అనుమానం ఇంకా పోకపోతే ఒక పని చేయండి. మబ్బు లేని రోజు చూసుకుని, ముందురోజు సాయంత్రం ప్యానెళ్ళన్నీ కడిగించి, మధ్యాహ్నం 12 దగ్గర పది స్ట్రింగ్‌ల ఆంప్స్ క్లాంప్ మీటర్‌తో ఒకదాని వెంట ఒకటి పది నిమిషాల లోపే కొలిచి రాసుకోండి. అన్నీ 12, 13 దగ్గర, ఒకదానికొకటి 3 శాతం లోపు తేడాతో ఉంటే ప్యానెళ్ళని మర్చిపోవచ్చు. ఒకటో రెండో స్ట్రింగ్‌లు విడిగా తక్కువ చూపిస్తే ముందు ఆ వరసలకే వెళ్ళి నీడ, రెట్ట, తీగ, వదులైన కనెక్టర్ చూడండి, తర్వాత పైన చెప్పిన పద్ధతిలో ఆపి లోడ్ లేని వోల్టేజ్ కొలవండి, మిగతావాటికంటే 15, 16 వోల్టులు తక్కువుంటే ఒక ప్యానెల్‌లో ఒక బైపాస్ డయోడ్ షార్ట్ అయి మూడో వంతు పోయినట్టు. ప్యానెల్ వెనక థర్మామీటర్ ఆనించి అదే టైమ్‌కి వేడి ఎంతుందో కూడా రాయండి, అది లేకుండా మిగతా అంకెలతో ఏమీ తేల్చలేం. ఆ పది ఆంప్స్, ఆ పది వోల్టేజ్‌లు, ఆ ఒక్క టెంపరేచర్ పంపండి, ఏ స్ట్రింగ్‌లో ఏముందో చూసి చెప్తా.